పర్సియస్ గుచ్ఛం ఎక్స్‌రే చిత్రంలో ఆ రెండు నల్లని గుంటలు ఏమిటి?

రాత్రిబడి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ వేదికను చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. చంద్ర అంతరిక్ష దూరదర్శిని తీసిన పర్సియస్ గెలాక్సీ గుచ్ఛం చిత్రం చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. నడిమధ్యన మిరుమిట్లు గొలిపే చుక్క. దానికి అటూ ఇటూ వేలితో నొక్కినట్టు రెండు నల్లని గుంటలు, వాటి చుట్టూ మెరిసే అంచులు. ఇంకా బయటికి వెళితే చెరువులో రాయి పడ్డప్పుడు లేచే అలల్లాంటి వలయాలు లీలగా కనిపిస్తాయి.

ఇది గెలాక్సీల గుచ్ఛం కదా, మరి గెలాక్సీలు ఏవి? చిత్రమంతా పొగమంచు పరుచుకున్నట్టు ఉందే తప్ప విడివిడిగా ఏమీ కనిపించవు. ఆ గుంటల్లో ఏముంది, లేక ఏమీ లేకపోవడమే గుంటా? దీన్ని చూడటానికి ఎక్స్‌రే దూరదర్శినే ఎందుకు కావాలో కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఓపిగ్గా చెప్పగలవారు ఉంటే వినాలని ఉంది.

వేడివాయువు
శుక్రవారం, రాత్రి 10:25

రాత్రిబడి గారూ, ఆ చిత్రం గురించి ఎవరు అడిగినా నాకు ఉత్సాహమే. మీకు కనిపించిన ఆ పొగమంచే అసలు గుచ్ఛం.

గుచ్ఛం అనగానే వందల వేల గెలాక్సీలు గుర్తుకొస్తాయి. మామూలు కాంతిలో కనిపించేవి అవే కాబట్టి ఆ పేరు వచ్చింది. కానీ మొత్తం ద్రవ్యరాశిలో నక్షత్రాల వాటా నూటికి రెండు మూడు పాళ్లే. 12 నుంచి 15 పాళ్లు గెలాక్సీల మధ్య ఖాళీ అనుకునే చోటంతా పరుచుకున్న వాయువుది. మిగిలిందంతా కృష్ణ పదార్థం, అంటే వెలుగు విడవకుండా తన గురుత్వంతో మాత్రమే ఉనికి తెలిపేది. మొత్తం కలిపితే 100 లక్షల కోట్ల సూర్యుళ్ల బరువు, పెద్ద గుచ్ఛాలైతే దానికి పదింతలు. అంత బరువు లోపలికి లాగుతుంటే వాయువు నలిగి వేడెక్కుతుంది. కోటి నుంచి 10 కోట్ల డిగ్రీల దాకా. అంత వేడిలో పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. విడిపోయిన ఎలక్ట్రాన్ ఒక ప్రోటాన్ పక్కనుంచి దూసుకుపోతూ దారి వంగినప్పుడు కొంత శక్తిని వెలుగుగా విడుస్తుంది. ఆ ఉష్ణోగ్రతల్లో ఆ వెలుగు ఎక్స్‌రేలే అవుతుంది.

ఇంత వేడి అంటే ఏదో కొలిమి అనుకోకండి. వాయువు ఎంత పలచన అంటే చాలా భాగంలో లీటరు చోటులో ఒకటో రెండో కణాలు ఉంటాయి, నడిబొడ్డున పదులు. భూమి మీద మనం సృష్టించగల శూన్యాలేవీ దీని దరిదాపులకు రావు. అయినా అది పరుచుకున్న చోటు లక్షల కాంతి సంవత్సరాలు కాబట్టి, మొత్తం కూడితే గుచ్ఛంలోని నక్షత్రాలన్నింటికంటే ఎన్నో రెట్లు బరువు తూగుతుంది.

గుంటల సంగతి పెద్దది. రేపు తీరిగ్గా రాస్తాను.

అద్దాలశాల
శుక్రవారం, రాత్రి 11:10

దూరదర్శిని సంగతి నేను చెబుతాను, నా ఇష్టమైన విషయం అది.

ఎక్స్‌రేలు వాతావరణాన్ని దాటి నేలకు రావు. అందుకే ఈ శాస్త్రం రాకెట్లు వచ్చాకే పుట్టింది. 1962 జూన్ 18న రికార్డో జకోని బృందం పంపిన చిన్న రాకెట్ నిమిషాల పాటు మాత్రమే ఆకాశాన్ని చూసి, సౌరకుటుంబం బయట తొలి ఎక్స్‌రే మూలాన్ని పట్టుకుంది. ఆ దారిలో చేసిన కృషికి 2002లో జకోనికి నోబెల్ వచ్చింది. ఆకాశమంతా గాలించిన తొలి ఎక్స్‌రే ఉపగ్రహం ఉహురు. 1970 డిసెంబర్ 12న, కెన్యా స్వాతంత్ర్య దినాన, అక్కడి తీరానికి దగ్గర్లోని వేదిక నుంచి ఎగిరింది. స్వాహిలీలో ఉహురు అంటే స్వేచ్ఛ. గుచ్ఛాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఒక చుక్కలా కాక విశాలంగా పరుచుకుని ఉన్నాయని చెప్పింది అదే.

ఇక అద్దం. మామూలు అద్దం మీద నేరుగా పడిన ఎక్స్‌రే తిరిగి రాదు, లోపలికి చొచ్చుకుపోతుంది లేదా ఇంకిపోతుంది. కానీ ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ వస్తే జారి ముందుకు పోతుంది, నీటి మీద చదును రాయి విసిరితే గంతులు వేసినట్టు. 1952లో హాన్స్ వోల్టర్ దీన్ని లెక్కగట్టి, రెండు వక్రతలను ఒకదాని వెనుక ఒకటి అమర్చితే చిత్రం ఏర్పడుతుందని చూపించాడు. అందుకే ఈ అద్దాలు పళ్లెంలా ఉండవు, అడుగులేని పీపాల్లా ఉంటాయి. ఒక్క పీపా పట్టే కాంతి తక్కువ కాబట్టి ఒకదానిలో ఒకటి దూర్చుతారు. చంద్రలో నాలుగు జతలు, పైపూత ఇరిడియం, అన్నింటికన్నా పెద్దదాని వ్యాసం 1.2 మీటర్లు, కాంతి కేంద్రీకరించే దూరం 10 మీటర్లు. ఆ అద్దాల గరుకుతనం కొన్ని పరమాణువుల మందమే. అందుకే అర ఆర్క్ సెకను (ఒక డిగ్రీలో 7,200వ వంతు) వివరం కూడా కనిపిస్తుంది, మీరు ఆ గుంటల అంచులు అంత స్పష్టంగా చూడగలిగారు.

అదే 1999లో వెళ్లిన ఎక్స్ఎంఎం-న్యూటన్ దారి వేరు. మూడు దూరదర్శినులు, ఒక్కోదానిలో 58 పలచని పీపాలు, బంగారు పూత. చిత్రం చంద్ర అంత పదునుగా ఉండదు కానీ పట్టే కాంతి చాలా ఎక్కువ. పదును కావాలా, రాశి కావాలా అని ఈ రంగంలో ప్రతి దూరదర్శినీ ముందే తేల్చుకోవాల్సిందే.

ఎదురుప్రశ్న
శనివారం, ఉదయం 7:15

వేడివాయువు గారూ, మీరు వాయువు అని తేల్చేశారు. అది వాయువే అని ఎలా తెలుసు? వేల గెలాక్సీల్లోని ఎక్స్‌రే జంటతారలన్నీ మసకగా కలిసిపోయి అలా కనిపించవచ్చు. లేదా వేగంగా పోయే ఎలక్ట్రాన్లు విశ్వ నేపథ్య వికిరణాన్ని (మహావిస్ఫోటనం నుంచి మిగిలి విశ్వమంతా నిండిన మసక వెలుగును) ఢీకొని దాన్ని ఎక్స్‌రేలుగా మార్చవచ్చు. చిత్రంలో మూడూ ఒకేలా కనిపిస్తాయి కదా?

వేడివాయువు
శనివారం, ఉదయం 8:30

సరైన చోట పట్టుకున్నారు. 1970ల తొలినాళ్లలో శాస్త్రవేత్తలు వాదించుకున్నది సరిగ్గా ఇదే. మీరన్నట్టు చిత్రం దీన్ని తేల్చలేదు. వర్ణపటం తేల్చింది, అంటే ఏ శక్తి దగ్గర ఎంత వెలుగు వస్తోందో చూపే పటం.

1976లో ఏరియల్ 5 ఉపగ్రహం పర్సియస్ వర్ణపటంలో 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రే శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక బొడిపెను చూసింది. అది ఇనుము గీత. 26 ఎలక్ట్రాన్లు ఉండాల్సిన ఇనుము పరమాణువులో ఒకటో రెండో మిగిలితేనే ఆ గీత పుడుతుంది, అలా ఊడిపోవాలంటే కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉండాలి. నేపథ్య వికిరణాన్ని తన్నే ఎలక్ట్రాన్లు ఇనుము గీతను పుట్టించలేవు. ఆ గీతతో వాదన అక్కడితో ఆగింది.

దానిలో ఇంకో సంగతి కూడా ఉంది. మహావిస్ఫోటనంలో ఇనుము పుట్టలేదు, నక్షత్రాల్లో పుట్టింది. గెలాక్సీల మధ్య వాయువులో ఇనుము సూర్యుడిలో ఉన్న నిష్పత్తిలో సుమారు మూడో వంతు ఉంది. అంటే ఎన్నో తరాల నక్షత్రాలు పేలి, ఆ ఇనుము తమ గెలాక్సీలను దాటి బయటికొచ్చి ఈ వాయువులో కలిసింది. నాకు చిత్రాల కంటే వర్ణపటాల మీద మోజు ఎక్కువ, కారణం ఇదే.

నిర్వాహకులు
శనివారం, ఉదయం 9:05

చర్చ బాగుంది. శీర్షిక గుంటల గురించి కాబట్టి అది పూర్తయ్యాక ఇతర గుచ్ఛాల్లోకి వెళ్లండి. దారం తెగకుండా ఉంటుంది.

వేడివాయువు
శనివారం, సాయంత్రం 6:20

గుంటల దగ్గరికి వద్దాం. ముందు ఒక చిక్కుముడి.

వాయువు ఎక్స్‌రేలను విడుస్తోందంటే వేడిని పోగొట్టుకుంటోందన్నమాట. నడిబొడ్డున సాంద్రత ఎక్కువ కాబట్టి అక్కడ త్వరగా చల్లారాలి. చల్లారితే పీడనం తగ్గుతుంది, పైనున్న వాయువు కిందికి దిగుతుంది, సాంద్రత ఇంకా పెరుగుతుంది, ఇంకా త్వరగా చల్లారుతుంది. ఇలా కొన్ని గుచ్ఛాల్లో ఏడాదికి వందల సూర్యుళ్ల బరువైన వాయువు మధ్యకు దిగి చల్లబడుతూ ఉండాలని లెక్కలు చెప్పాయి. మరి అంత చల్లని వాయువు ఎక్కడ? అంతేసి కొత్త నక్షత్రాలు ఎక్కడ? కావలసినదానిలో చిన్న వాటా మాత్రమే కనిపించేది. రెండు దశాబ్దాలకు పైగా ఈ చిక్కు అలాగే ఉంది.

2001లో ఎక్స్ఎంఎం-న్యూటన్ గ్రేటింగ్ వర్ణపటదర్శిని (సన్నని గీతల పలకతో ఎక్స్‌రేలను శక్తుల వారీగా విడదీసేది) ఈ గుచ్ఛాల కేంద్రాలను చూసింది. వాయువు నిజంగా చల్లారుతూ పోతే మెట్టుమెట్టుకూ ఒక్కో గీత కనిపించాలి. వాయువు బయటి ఉష్ణోగ్రతలో మూడో వంతు దాకా దిగిన ఆనవాళ్లు ఉన్నాయి. ఆ కింద ఉండాల్సిన గీతలు లేవు. ఎవరో మధ్యలో మంట ఎగదోస్తున్నారు.

ఆ ఎగదోసే చేయి కనిపించేది మీరడిగిన గుంటల్లోనే. పర్సియస్ మధ్యలోని గెలాక్సీ ఎన్‌జీసీ 1275. దాని నడుమ ఉన్న భారీ కృష్ణబిలం తనలోకి పడే పదార్థంలో కొంత శక్తిని రెండు దిక్కులకూ ధారలుగా చిమ్ముతుంది. ఆ ధారలు వేడి వాయువును పక్కకు నెట్టి బుడగలు ఊదుతాయి. రేడియో దూరదర్శినితో చూస్తే ఆ బుడగలు నిండుగా వెలుగుతాయి, ఎక్స్‌రేలో చూస్తే అక్కడ వేడి వాయువు లేదు కాబట్టి చీకటిగా ఉంటాయి. రాత్రిబడి గారు అడిగినదానికి జవాబు: గుంట ఖాళీ కాదు, మనం చూస్తున్న వెలుగులో అది కనిపించదు, అంతే. 1993లో రోశాట్ అనే ఎక్స్‌రే ఉపగ్రహం వీటిని తొలిసారి చూపింది, చంద్ర అంచులను దిద్దింది.

ఇంకో మాట. బుడగ వాయువుకంటే తేలిక కాబట్టి నీటిలో బుడగలాగే పైకి తేలుతుంది. చిత్రంలో ఇంకాస్త బయట, వాయువ్య దిక్కున, ఒక మసక గుంట వెతకండి. అది ఎప్పుడో ఊది వదిలేసిన పాత బుడగ.

లెక్కలకొలిమి
శనివారం, రాత్రి 8:45

కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ చిక్కు ఎంత పదునైనదో తెలుస్తుంది. 10 కోట్ల డిగ్రీల వాయువు, లీటరుకు ఒక కణం ఉంటే, చల్లారడానికి సుమారు 8,500 కోట్ల ఏళ్లు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అంటే గుచ్ఛం అంచుల్లో వాయువు పుట్టినప్పటి నుంచి దాదాపు అలాగే ఉంది, ఇకముందూ ఉంటుంది. అదే నడిబొడ్డున, లీటరుకు 50 కణాలు, 4 కోట్ల డిగ్రీలు అనుకోండి. చల్లారే కాలం సాంద్రతతో పాటు తగ్గుతుంది, ఉష్ణోగ్రత వర్గమూలంతో పాటు మారుతుంది. 8,500ను 50తో భాగించి 0.63తో గుణించండి. 100 కోట్ల ఏళ్లకు కాస్త పైన వస్తుంది. గుచ్ఛం వయసులో అది చిన్న ముక్క.

బుడగ శక్తి అంచనా ఇంకా తేలిక. చుట్టూ ఉన్న వాయువు పీడనం వర్ణపటం నుంచి తెలుసు, బుడగ పరిమాణం చిత్రం నుంచి తెలుసు. రెండూ గుణిస్తే బుడగ ఊదడానికి పట్టిన పని. బుడగ లోపలి శక్తిని కూడా కలిపితే దానికి నాలుగింతల వరకు. దాన్ని బుడగ పైకి తేలే కాలంతో భాగిస్తే కృష్ణబిలం సరఫరా చేసే శక్తి రేటు. ఎన్నో గుచ్ఛాల్లో ఈ రేటు, వాయువు ఎక్స్‌రేలుగా పోగొట్టుకునే రేటు దాదాపు సమానంగా వస్తాయి. సౌరకుటుంబం పరిమాణం దాటని ఒక వస్తువు లక్షల కాంతి సంవత్సరాల వాయువు వేడిని అదుపులో పెట్టడం నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది.

ఎంఎస్ 0735 అనే గుచ్ఛం చూడండి. అక్కడ గుంట ఒక్కోటి 6 లక్షల కాంతి సంవత్సరాల పైన. మన పాలపుంత లాంటివి ఆరు పక్కపక్కన పట్టేస్తాయి.

ఎదురుప్రశ్న
ఆదివారం, ఉదయం 10:00

శక్తి చాలినంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ గదిలో ఒక మూల పొయ్యి ఉన్నంత మాత్రాన గదంతా ఒకేలా వేడెక్కదు. బుడగలు రెండు దిక్కులకే పోతున్నాయి. వేడి నాలుగు దిక్కులకూ ఎలా పంచబడుతోంది? సరఫరా, ఖర్చు సమానంగా ఉన్నాయి కాబట్టి చేరుతోంది అనడం నాకు సరిపోదు.

వేడివాయువు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

సరిపోదు. నిజంగానే ఇది ఇంకా పూర్తిగా తేలని భాగం. ఒక దారి, రాత్రిబడి గారు చూసిన అలలు. 2003లో చంద్ర 53 గంటల పాటు చూసిన సమాచారంలో ఆ వలయాలు బయటపడ్డాయి. అవి వాయువులో ప్రయాణించే పీడన తరంగాలు, అంటే ధ్వనే. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య 96 లక్షల సంవత్సరాలు. స్వరంగా చెప్పాలంటే పియానో నడిమి స్వరానికి 57 స్థాయిల కింద. ఆ తరంగాలు అన్ని దిక్కులకూ వెళతాయి, వెళుతూ అణగారి వేడిని వదులుతాయి. మరో దారి, బుడగలు తేలుతూ వాయువును కలియబెట్టి సుడులు పుట్టించడం, ఆ సుడులు చిన్నవై చిన్నవై చివరికి వేడిగా మారడం. ఏది ఎంత అన్నది తెలియాలంటే వాయువు ఎంత వేగంగా కదులుతోందో కొలవాలి. చిత్రంతో అది కుదరదు.

అద్దాలశాల
ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఆ కొలత కథ చెప్పకుండా ఉండలేను.

వాయువు మనవైపు వస్తే గీత కొంచెం పై శక్తికి జరుగుతుంది, దూరం పోతే కిందికి. అటూ ఇటూ సుడులు తిరుగుతుంటే గీత వెడల్పవుతుంది. ఎంత? సెకనుకు 164 కిలోమీటర్ల వేగం అనుకుందాం. దాన్ని కాంతి వేగంతో భాగించి, ఇనుము గీత 6,700 ఎలక్ట్రాన్ వోల్టులతో గుణించండి. 3.7 ఎలక్ట్రాన్ వోల్టులు. చంద్ర, ఎక్స్ఎంఎంలలో వాడే సీసీడీ చిప్పులు ఆ శక్తి దగ్గర 130 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను మాత్రమే విడదీయగలవు. గోడకు ఉపయోగించే కొలబద్దతో వెంట్రుక మందం కొలవబోయినట్టే.

దానికి వేరే పరికరం కావాలి. ఒక చిన్న ముక్కను సున్నా కెల్విన్‌కు 0.05 డిగ్రీల పైన ఉంచుతారు. ఒక్క ఎక్స్‌రే ఫోటాన్ వచ్చి తగిలితే ఆ ముక్క రవంత వేడెక్కుతుంది. ఆ రవంతను కొలిస్తే ఫోటాన్ శక్తి తెలుస్తుంది. ఒక్కో ఫోటాన్‌కూ ఒక ఉష్ణమాపకం! ముక్క మళ్లీ చల్లారేదాకా ఆగి తర్వాతిదాన్ని కొలుస్తుంది.

దీన్ని ఆకాశానికి పంపే ప్రయత్నాలు చాలాకాలం గుండెకోత. 2000లో జపాన్ పంపిన ఆస్ట్రో-ఈ కక్ష్యకే చేరలేదు. 2005లో సుజాకు చేరింది, కానీ వారాల్లోనే చల్లబరిచే హీలియం ఆవిరైపోయింది. 2016 ఫిబ్రవరి 17న హిటోమి వెళ్లింది. అది తొలిరోజుల్లో చూసిన వాటిలో పర్సియస్ ఒకటి. మార్చి 26న దిశను అదుపుచేసే వ్యవస్థ తాను తిరుగుతున్నానని పొరబడి సరిదిద్దబోయి, తప్పు ఆదేశాలతో వేగం ఇంకా పెంచుకుని, సౌరఫలకాలు విరిగి పోయింది. ఉపగ్రహం దక్కలేదు. పర్సియస్ సమాచారం మాత్రం అప్పటికే నేలకు చేరింది.

ఆ సమాచారంలో ఇనుము గీత ఒక బొడిపెలా కాక విడివిడి గీతలుగా కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నలభై ఏళ్లుగా మసకగా ఉన్న అక్షరాలకు ఎవరో కళ్లజోడు పెట్టినట్టు అనిపించింది. వాటి వెడల్పు నుంచి వచ్చిన వేగమే పైన వాడిన సంఖ్య: సెకనుకు 164 కిలోమీటర్లు, 10 అటూ ఇటూ. అదే వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్లు. కృష్ణబిలం అంత దగ్గర్లో బుడగలు ఊదుతున్నా వాయువు అనుకున్నదానికంటే ఎంతో నెమ్మదిగా ఉంది.

ఇనుమునే ఎందుకు పట్టుకుంటారంటే, అది బరువైన పరమాణువు. వేడి వల్ల తనంతట తాను కదిలే వేగం తక్కువ, అక్కడ సెకనుకు 80 కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి వెడల్పులో వేడి వాటా తీసేస్తే సుడుల వాటా స్పష్టంగా మిగులుతుంది.

2023 సెప్టెంబర్ 7న వెళ్లిన క్రిజం అనే ఉపగ్రహం ఇప్పుడు ఆ పని కొనసాగిస్తోంది. దాని పరికరం ముందున్న బెరీలియం కిటికీ తలుపు తెరుచుకోలేదు కాబట్టి 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కింది వెలుగు దాదాపు పోయినట్టే. ఇనుము గీత మాత్రం పైనే ఉంది, పదిలంగా అందుతోంది. సెంటారస్ గుచ్ఛం మధ్యలో వాయువు మొత్తంగా సెకనుకు 130 నుంచి 310 కిలోమీటర్ల వేగంతో ఊగుతోందని అది చూపింది. ఎదురుప్రశ్న గారికి ఇది నచ్చవచ్చు: గిన్నె కదిపితే నీళ్లు ఊగినట్టు గుచ్ఛం మొత్తం ఊగితే వేడి పంచడానికి అదీ ఒక దారే.

ఎదురుప్రశ్న
ఆదివారం, సాయంత్రం 5:10

ఇది నచ్చింది. కొలత అంటే ఇలా ఉండాలి. అయితే 164 అన్నది ఒక్క గుచ్ఛంలో, అదీ నడిబొడ్డులో ఒక చిన్న చోట. దాన్ని పట్టుకుని అన్ని గుచ్ఛాల్లోనూ వాయువు నెమ్మది అనడం తొందరపాటు అవుతుంది. అంచుల్లో కొత్త వాయువు ఇంకా వచ్చి పడుతూనే ఉంటుంది, అక్కడ సుడులు ఎక్కువ ఉండాలి. ద్రవ్యరాశి లెక్కలు ఆధారపడేది ఆ అంచుల మీదే కదా?

లెక్కలకొలిమి
ఆదివారం, రాత్రి 9:30

అవును, అదే ఈ రంగానికి పెద్ద తలనొప్పి. రాత్రిబడి గారి కోసం కాస్త విడమరుస్తాను. వాయువు బరువు కిందికి లాగుతుంది, పీడనం పైకి నెడుతుంది. రెండూ సరితూగాయి అనుకుంటే, ఉష్ణోగ్రత, సాంద్రత కేంద్రం నుంచి బయటికి ఎలా మారుతున్నాయో కొలిచి గుచ్ఛం మొత్తం ద్రవ్యరాశి తెలుసుకోవచ్చు, కృష్ణ పదార్థంతో సహా. సాంద్రత ఎక్స్‌రే వెలుగు నుంచి, ఉష్ణోగ్రత వర్ణపటం నుంచి వస్తాయి. కానీ నెట్టే పనిలో సుడులకు కూడా వాటా ఉంటే, మనం వేడి పీడనాన్ని మాత్రమే లెక్కించి ద్రవ్యరాశిని తక్కువగా చెబుతాం. పర్సియస్ నడిబొడ్డున ఆ వాటా సుమారు 4 శాతమే. అంచుల్లో ఎంతన్నదే వాదన.

ఇది గుచ్ఛాలతో ఆగదు. విశ్వంలో ఎంత బరువైన గుచ్ఛాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే పదార్థం మొత్తం ఎంతో తెలుస్తుంది. 1993లో ఒక పరిశోధన బృందం కోమా గుచ్ఛాన్ని తూకం వేసి, అందులో మామూలు పదార్థం వాటా ఊహించినదానికంటే బాగా ఎక్కువ ఉందని చూపింది. మహావిస్ఫోటనం ఎంత మామూలు పదార్థాన్ని పుట్టించగలదో ముందే తెలుసు. కాబట్టి మొత్తం పదార్థమే అనుకున్నంత లేదన్నమాట. విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తెలియడానికి ఐదేళ్ల ముందే గుచ్ఛాలు ఆ సూచన ఇచ్చాయి.

ఇప్పుడు ఆ లెక్కలో పెద్ద పేరు ఈరోసిటా అనే ఎక్స్‌రే దూరదర్శిని. 2019 జూలై 13న బయల్దేరి ఆకాశాన్ని నాలుగుసార్లు పూర్తిగా చుట్టింది, 2022 ఫిబ్రవరి నుంచి నిద్రలో ఉంది. తొలి ఆరు నెలల సర్వేలో సగం ఆకాశం నుంచే 12,247 గుచ్ఛాల పట్టిక 2024లో వచ్చింది. వాళ్లు ద్రవ్యరాశిని వాయువు సరితూకం మీద వదిలిపెట్టలేదు, గుచ్ఛం వెనుకున్న గెలాక్సీల ఆకారాలు గురుత్వం వల్ల ఎంత సాగాయో చూసి సరిచేసుకున్నారు. ఎదురుప్రశ్న గారి అభ్యంతరానికి ఆచరణలో ఇచ్చిన జవాబు అది.

నీలిదుర్భిణి
సోమవారం, ఉదయం 6:50

ఆలస్యంగా చేరాను. సాగిన ఆకారాల మాట వచ్చింది కాబట్టి బుల్లెట్ గుచ్ఛం గురించి ఒక్క మాట. రెండు గుచ్ఛాలు ఢీకొని ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయాయి. చంద్ర చిత్రంలో వాయువు ఒకదాన్నొకటి రాసుకుని మధ్యలో చిక్కుకుపోయింది, ముందు తూటా మొనలాంటి అఘాత తరంగం. గెలాక్సీలు మాత్రం ముందుకు వెళ్లిపోయాయి. 2006లో ద్రవ్యరాశి పటం వేస్తే బరువు వాయువు దగ్గర లేదు, గెలాక్సీల దగ్గర ఉంది. మామూలు పదార్థంలో ఎక్కువ పాలు వాయువే అయినా! కృష్ణ పదార్థం ఉందనడానికి ఇంతకంటే సూటిగా కనిపించే ఆధారం నేను చూడలేదు.

అడగాలనుకున్నది వేరు. మన ఆస్ట్రోశాట్‌తో పర్సియస్ గుంటలు చూడవచ్చా?

అద్దాలశాల
సోమవారం, ఉదయం 8:15

గుంట ఒక్కోటి ఆకాశంలో ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో 60వ వంతు) కూడా ఉండదు. ఆస్ట్రోశాట్ మృదు ఎక్స్‌రే దూరదర్శిని చిత్రం సుమారు రెండు ఆర్క్ మినిట్ల మేర అలుముకుంటుంది. కాబట్టి గుంటలు కనిపించవు. కానీ గుచ్ఛం మొత్తం సగటు ఉష్ణోగ్రత, ఇనుము పాలు కొలవడానికి అది పనికొస్తుంది. ఏ దూరదర్శినినైనా దానికి చేతనైన ప్రశ్నే అడగాలి.

రాత్రిబడి
సోమవారం, రాత్రి 10:05

మూడు రోజులుగా ఈ చర్చను పదేపదే చదువుతున్నాను. చిత్రం గురించి అడిగాను, మీరంతా నన్ను వర్ణపటం దగ్గరికి తీసుకొచ్చారు. ఆ ఇనుము గీతను నా కళ్లతో చూడాలని ఉంది. చంద్ర సమాచారం ఎవరైనా తీసుకోవచ్చని విన్నాను. ఇంట్లో కంప్యూటర్ మీద సాధ్యమేనా?

వేడివాయువు
సోమవారం, రాత్రి 11:00

తప్పకుండా సాధ్యమే. పరిశీలన కోరినవారికి మామూలుగా ఒక ఏడాది ప్రత్యేక హక్కు ఉంటుంది, ఆ తర్వాత అందరిదీ. పర్సియస్ పాత పరిశీలనలన్నీ ఉచితం.

మీకు దిగేది ఫొటో కాదు, పట్టిక. ఒక్కో వరుస ఒక్కో ఫోటాన్: ఎప్పుడు వచ్చింది, చిప్పు మీద ఎక్కడ పడింది, ఎంత శక్తి. చిప్పు మూడు సెకన్లకు ఒకసారి చదువుతూ ఒక్కొక్కటిగా రాసుకున్న దినచర్య అది. డీఎస్ 9 అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆ చుక్కలే పేరుకుని చిత్రమవుతాయి. శుద్ధి చేయడానికి సియావో, వర్ణపటానికి నమూనా సరిపెట్టడానికి ఎక్స్‌స్పెక్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక, నా అనుభవం నుంచి. నేను మొదటిసారి ఒక గుచ్ఛం ఉష్ణోగ్రత గీసినప్పుడు బయటికి వెళ్లే కొద్దీ వేడి పెరుగుతూ పోయింది. కొత్త సంగతి కనిపెట్టాననుకుని రెండు వారాలు దాని మీదే కూర్చున్నాను. అసలు జరిగిందేమిటంటే, పరిశీలన మధ్యలో కాసేపు ప్రోటాన్ల జడివాన దూరదర్శిని మీద కురిసింది. ఆ నిమిషాలను నేను తీసేయలేదు. గుచ్ఛం అంచుల్లో అసలు వెలుగు సన్నగా ఉంటుంది కాబట్టి ఆ చెత్తే వేడి వాయువులా నటించింది. అందుకని అన్నింటికంటే ముందు కాలం వెంబడి ఫోటాన్ల సంఖ్య గీయండి. ఎక్కడ ఉన్నట్టుండి ఎగిసిందో ఆ కాలాన్ని కోసేయండి. తర్వాతే మిగతావన్నీ.

మొదటిసారికి మధ్యలోని చుక్కను వదిలేసి, దాని చుట్టూ ఒక వలయం తీసుకోండి. కృష్ణబిలం వెలుగు కలవకుండా ఉంటుంది.

రాత్రిబడి
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:20

చేశాను. ఆరు రోజులు పట్టింది, అందులో మూడు రోజులు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికే. కాలం గీతలో ఒకచోట చిన్న ఎగుడు ఉంటే కోసేశాను. వర్ణపటం కుడివైపు నునుపుగా దిగిపోతూ ఉంది, ఉన్నట్టుండి ఒక బొడిపె. లేచి కూర్చున్నాను. తొంభై ఏళ్ల క్రితం ఎవరికీ తెలియని వాయువులో, 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఇనుము, నా తెర మీద.

కానీ ఒక అనుమానం. మీరు ఇనుము గీత 6.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అన్నారు. నా బొడిపె శిఖరం దానికి ఎడమగా, 6.6 కంటే కూడా రవ్వంత తక్కువలో ఉంది. రెండుసార్లు మళ్లీ చేశాను, అక్కడే వస్తోంది. శక్తి కొలతను సరిచేసే మెట్టులో ఎక్కడో తప్పు చేశానా?

లెక్కలకొలిమి
ఆదివారం, మధ్యాహ్నం 2:55

తప్పు చేయలేదు. పర్సియస్ మననుంచి దూరం జరుగుతోంది, దాని రెడ్‌షిఫ్ట్ 0.018. వెలుగు మన దాకా వచ్చేసరికి తరంగం అంత మేర సాగుతుంది. 6.7ను 1.018తో భాగించి చూడండి.

రాత్రిబడి
ఆదివారం, మధ్యాహ్నం 3:10

6.58. సరిగ్గా అక్కడే ఉంది.

ఈ రాత్రి వాయువ్యంలోని ఆ పాత బుడగ పక్కనుంచి ఇంకో వర్ణపటం తీస్తాను. అంచు లోపల ఒకటి, బయట ఒకటి. వలయం ఎంత వెడల్పు తీసుకుంటే బాగుంటుందో ఎవరైనా చెప్పగలరా?